మా ఇంటికి చేయించిన సుస్థిరత మదింపు: పాయింటు తర్వాత రెండంకెల సంగతి

కట్టబోయే ఇల్లు ఎంత కర్బనం వదులుతుందో, ఎంత నీరూ కరెంటూ వాడుతుందో ముందే లెక్కగట్టి చెప్పే సేవ సుస్థిరత మదింపు. అలా మాకు వచ్చిన మొదటి నివేదిక ఆరో పేజీలో, మా ఇల్లు యాభై ఏళ్లలో గాలిలోకి వదిలే కర్బన ఉద్గారాల మొత్తం 436.28 టన్నులు అని రాసి ఉంది. అప్పటికి మేము పునాది గుంతలు కూడా తీయలేదు. ఏ సిమెంటు వాడతామో, పై అంతస్తులో ఎవరు అద్దెకు దిగుతారో, వాళ్లకు ఏసీ ఉంటుందో లేదో ఆ దేవుడికే తెలియాలి. ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు గణాంకశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి కాబట్టి నా కన్ను ఆ 436 మీద కాక, పాయింటు తర్వాత ఉన్న ఆ రెండంకెల మీద పడింది. టన్నులో నూరో వంతు అంటే పది కిలోలు. మామూలు సిమెంటు బస్తా ఒక్కటి తయారయ్యేటప్పుడు వెలువడేదే దానికి నాలుగు రెట్లుంటుంది. యాభై ఏళ్ల భవిష్యత్తును పావు బస్తా తేడాతో చెప్పగలిగిన ఆ సంస్థ సేవ గురించి, ఇల్లు పూర్తయి ఏడాది కరెంటు బిల్లులు చేతికొచ్చిన తర్వాత, ఈ సమీక్ష రాస్తున్నాను.

సంస్థ పేరు రాయడం లేదు. ఇటువంటి సేవలందించేవారు హైదరాబాదులో చాలామంది ఉన్నారు, నేను ఎత్తిచూపబోయే లోపాలు ఏ ఒక్కరివో కావు. పైగా ఇదే సంస్థ రెండో విడతలో చేసిన పని నాకు నిజంగా ఉపయోగపడింది. నగరం తూర్పు శివారులో 200 గజాల స్థలంలో, కింద మేము, మొదటి అంతస్తులో మా అబ్బాయి కుటుంబం, పైన అద్దెకు అన్న లెక్కన మూడు అంతస్తులు కలిపి 3,600 చదరపు అడుగుల ఇల్లు మాది. మదింపునకు మొదట 48,000 రూపాయలూ, దానిమీద 18 శాతం జీఎస్టీ తీసుకున్నారు. మూడు వారాల్లో ఇస్తామన్న నివేదిక ఏడు వారాలకు వచ్చింది.

ఈ మదింపు మీద నాకు ఆసక్తి పుట్టడానికి కొత్తగూడలోని గ్రీన్ బిజినెస్ సెంటర్ ఒక కారణం. ఆ భవనానికి 2003లో, పర్యావరణానికి మేలైన భవనాలకు ఇచ్చే అమెరికా రేటింగు 'లీడ్'లో అన్నిటికన్నా పైదైన ప్లాటినం స్థాయి వచ్చింది. అమెరికా వెలుపల ఆ స్థాయి అందుకున్న మొదటి భవనం అదే. 2004 జులై 14న అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం దాన్ని ప్రారంభించారు. కళాశాల పిల్లలను ఒకసారి అక్కడికి తీసుకెళ్లినప్పుడు ఆ జాలీ గోడల వెనక ఎండాకాలపు మధ్యాహ్నం కూడా నీడగా, హాయిగా ఉండడం గమనించాను. ఇల్లు కట్టేటప్పుడు ఇటువంటి లెక్కేదో మనమూ చేయించుకోవాలని అప్పుడే అనుకున్నాను. ఫలకం మీది రేటింగుకూ, నెలనెలా వచ్చే బిల్లుకూ మధ్య ఉండే దూరం సంగతి అప్పటికి నాకు తెలియదు. అమెరికాలో న్యూ బిల్డింగ్స్ ఇన్‌స్టిట్యూట్ 2008లో 121 లీడ్ భవనాల అసలు ఇంధన వాడకాన్ని పరిశీలించింది. సగటున చూస్తే అవి మామూలు భవనాల కన్నా పాతిక శాతం పైచిలుకు మెరుగ్గానే ఉన్నాయి గానీ, విడివిడిగా చూస్తే అంచనాలకూ వాస్తవానికీ మధ్య చెదురు చాలా ఎక్కువగా కనిపించింది. వాటిలో కొన్ని నియమావళి అనుమతించిన మామూలు భవనం కన్నా ఎక్కువే కాల్చేశాయి. అంటే ఆ అంచనాలు వంద భవనాలకు కలిపి చెప్పినప్పుడు నమ్మదగినవే, మీ ఒక్క ఇంటికి చెప్పినప్పుడు మాత్రం చుట్టూ ఎంత ఖాళీ వదలాలో కూడా చెప్పాలి. మొదటి నివేదికలో లేనిది ఆ ఖాళీయే.

నివేదికలోని 436.28 రెండు ముక్కల కూడిక. సిమెంటు, ఇనుము, ఇటుక, టైల్స్ తయారీలోనూ రవాణాలోనూ వెలువడేది 118.43 టన్నులు. మిగిలిన 317.85 టన్నులు యాభై ఏళ్ల కరెంటువి. ఆ రెండో ముక్కను నేను కాగితం మీద వెనక్కి లెక్క కట్టి చూశాను. మూడు అంతస్తులకూ కలిపి నెలకు దాదాపు 750 యూనిట్లు, యూనిట్‌కు 0.71 కిలోల కార్బన్ డయాక్సైడ్, దానికి యాభై ఏళ్ల హెచ్చవేత. అంతే. మన దేశపు గ్రిడ్డులో యూనిట్‌కు దరిదాపుగా 0.7 కిలోలు వెలువడుతున్న మాట ఈనాటికి నిజమే, కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఏటా ప్రకటించే లెక్క కూడా అదే చెబుతుంది. కానీ 2030 నాటికి 500 గిగావాట్ల శిలాజేతర విద్యుత్తు, 2070 నాటికి నికర శూన్యం అని దేశం లక్ష్యాలు పెట్టుకున్న తర్వాత, యాభయ్యో ఏట కూడా బొగ్గు ఇదే పాళ్లలో మండుతుందని లెక్క వేయడం ఎంత పొరపాటో, లక్ష్యాలన్నీ తు.చ. తప్పకుండా నెరవేరతాయని లెక్క వేయడమూ అంతే పొరపాటు. అసలు అంకె ఆ రెంటి నడుమ ఎక్కడో ఉంటుంది. ఎక్కడ ఉంటుందో తెలియదన్న సంగతినే నివేదిక దాచేసింది.

మా నివేదిక తయారుచేసిన ఇంజనీరమ్మాయి వయసు మా మనవరాలి కన్నా నాలుగైదేళ్లు ఎక్కువ ఉంటుందేమో. ఆమె ఇంటికి వచ్చినప్పుడు, "అమ్మా, పాయింటు తర్వాత ఈ రెండంకెలు ఎక్కడి నుంచి వచ్చాయి?" అని అడిగాను. "సాఫ్ట్‌వేరు అలాగే ఇస్తుంది సార్" అంది. దాపరికం లేని ఆ జవాబు నాకు నచ్చింది. పద్నాలుగో పేజీ తెరిచి, లిఫ్టు వాడకానికి ఏడాదికి ఇన్ని యూనిట్లని వేశారు, మా ప్లానులో లిఫ్టే లేదు కదా అని చూపించాను. వేరే ఎవరి నివేదికనో తెరిచి పేరు మార్చి పంపినప్పుడు మిగిలిపోయిన పేజీ అది. ఆమె ముఖం చిన్నబోయింది. అటువంటి పొరపాటును అనిశ్చితి అనకూడదు, అజాగ్రత్త అనాలి. ఈ రెంటికీ ఉన్న తేడాను సంస్థ గుర్తించి క్షమాపణ చెప్పింది, ఆ పేజీ దిద్దింది. నా తక్కిన ప్రశ్నలకు జవాబు కావాలంటే మాత్రం మరో 22,000 రూపాయలు అవుతుందని చెప్పింది. మొదటిసారే ఇవ్వవలసిన దానికి రెండోసారి డబ్బు అడగడం నాకిప్పటికీ మింగుడుపడలేదు. అయినా ఇచ్చాను.

రెండో విడత మొదలయ్యే ముందు నేనూ ఆ ఇంజనీరమ్మాయీ కూర్చుని, తెలియనివాటిని రెండు కుప్పలుగా వేరుచేశాము. కొన్ని ఇవాళ మనకు తెలియకపోయినా కనుక్కుంటే తెలిసేవి. కొన్ని ఎంత కనుక్కున్నా నిలకడగా ఉండనివి. సిమెంటు మొదటి రకం. సున్నపురాయిని కాల్చి సిమెంటుకు మూలమైన క్లింకరు చేసేటప్పుడు, బట్టీలో వాడే ఇంధనం సంగతి పక్కన పెట్టినా, ఆ రసాయన చర్యలోనే టన్ను క్లింకరుకు అర టన్ను పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ బయటపడుతుంది. అందుచేత బస్తాలో క్లింకరు ఎంత, కలిపిన ఫ్లైయాష్ (బొగ్గు విద్యుత్ కేంద్రాల బూడిద) ఎంత అన్నదాన్ని బట్టి లెక్క తారుమారవుతుంది. బూడిద కలిపిన సిమెంటైన పీపీసీ రకంలో ఫ్లైయాష్ 15 నుంచి 35 శాతం దాకా ఉండవచ్చని ఐఎస్ 1489 ప్రమాణం చెబుతుంది. దుకాణానికి వెళ్లి బస్తా మీది అక్షరాలు చదివితే ఈ సందేహంలో సగం తీరిపోతుంది. ఇల్లంతటికీ పధ్నాలుగు వందల బస్తాలు పట్టే చోట ఆ సగానికి విలువ చాలా ఎక్కువ. ఇనుము దగ్గర పని ఇంత తేలిక కాలేదు. బ్లాస్ట్ ఫర్నేసు నుంచి వచ్చిందో, బొగ్గుతో చేసిన స్పాంజి ఐరన్ నుంచి వచ్చిందో, తుక్కు కరిగించి పోసిందో కడ్డీని చూసి చెప్పలేము. దుకాణదారుణ్ణి అడిగితే "ఏదైనా ఐదు వందల గ్రేడే సార్" అన్నాడు. మేము కొన్న తర్వాత, 2024 డిసెంబరులో, కేంద్ర ఉక్కు మంత్రిత్వ శాఖ టన్ను ఉక్కుకు 2.2 టన్నుల లోపు ఉద్గారాలుంటేనే హరిత ఉక్కు అని నిర్వచించి, దానికి నక్షత్రాలు కూడా పెట్టింది. ఇకముందు కట్టుకునేవారికైనా ఆ ప్రశ్నకు కాగితం మీద జవాబు దొరుకుతుందని ఆశ.

వాన రెండో రకం. మా 1,200 చదరపు అడుగుల డాబా మీద ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన పడి, అందులో 80 శాతం పట్టుకోగలిగితే 71 వేల లీటర్లు వస్తుందని మొదటి నివేదిక లెక్కగట్టింది. పదకొండు మందికి, తలకు రోజుకు 135 లీటర్ల చొప్పున, ఏడాదికి కావలసింది దాదాపు 5 లక్షల 42 వేల లీటర్లు. అంటే వానతో తీరేది 13 శాతం అన్నమాట. గుణకారంలో తప్పు లేదు. ఆ వాన ఏడాది పొడవునా పొదుపుగా కురవదు, అదే చిక్కు. నాలుగు నెలల్లోనే కురుస్తుంది, 2020 అక్టోబరులో లాగా రెండు రోజుల్లో నగరాన్ని ముంచేసి పోతుంది, మరో ఏడాది ముఖం చాటేస్తుంది. పదివేల లీటర్ల సంపు ఉన్న ఇంట్లో, నిండిన తర్వాత పడిన వాన ఇంకుడు గుంతలోకో వీధిలోకో పోవాల్సిందే. సంపు పరిమాణంతో కలిపి రోజువారీ వాన లెక్కలు వేసి చూస్తే, ఆ 13 శాతం కాస్తా మంచి ఏడాదిలో 8కి, చెడ్డ ఏడాదిలో 4కి దిగింది. వాడుకకు పోను మిగిలింది భూమిలో ఇంకుతుంది, అది మేలే, కానీ దాన్ని మా ఖాతాలో రాసుకోకూడదు. రెండు నివేదికలూ వదిలేసిన సంగతి మరొకటి ఉంది. మన కుళాయిలో వచ్చే కృష్ణా నీటిని నాగార్జునసాగర్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా ఎత్తిపోసి తెస్తారు. కాబట్టి ప్రతి బిందెలోనూ కొంత కరెంటు ఉంది. నీటి పొదుపునూ కరెంటు పొదుపునూ రెండు వేరువేరు పద్దులుగా చూపితే ఈ బంధం కనపడదు.

రెండో నివేదిక మాంటీ కార్లో పద్ధతిలో చేశారు. పేరు జూదశాలది గానీ పని లెక్కదే. అణుబాంబు పరిశోధన జరిగిన లాస్ అలమోస్‌లో 1940లలో ఉలామ్, ఫాన్ నాయ్‌మన్ అనే గణితవేత్తలు దీనికి రూపమిచ్చారు. తెలియని ప్రతి సంగతికీ ఒక్క అంకె బదులు ఒక పరిధి ఇచ్చి, ఆ పరిధుల్లోంచి చీట్లు తీసినట్టుగా యాదృచ్ఛికంగా అంకెలు తీసి ఇంటి లెక్కను మొదటి నుంచి చివరిదాకా కట్టడం, అలా పదివేల సార్లు కట్టి వచ్చిన పదివేల జవాబులను వరసగా పేర్చి చూడడం, ఇదీ పని. మా ఇంటికి వచ్చిన జవాబుల్లో నూటికి తొంభై 205 టన్నులకూ 520 టన్నులకూ నడుమ పడ్డాయి, మధ్యగతం 310. మొదటి నివేదికలోని 436ను మించే అవకాశం ఏడింట ఒక వంతు మాత్రమే. ఇందులో కట్టుబడి సామగ్రి ముక్క 96 నుంచి 148 టన్నుల దాకా, అంటే కాస్త ఇరుకుగానే ఉంది. కరెంటు ముక్క మాత్రం సముద్రంలా పరచుకుంది. దాన్ని అంతగా సాగదీసినవి ముందుగా గ్రిడ్డు, ఆ తర్వాత ఏసీ వాడకం. ఏసీని ఎన్ని డిగ్రీల మీద పెడతారన్నదాని మీద కూడా ఎంతో ఆధారపడి ఉంటుంది. ఒక్కొక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ప్రభుత్వపు ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతుంది. 2020 జనవరి నుంచి నక్షత్రాల ఏసీలన్నీ 24 డిగ్రీల మీదే మొదలయ్యేలా చేయించింది కూడా అందుకే. కానీ రిమోటు అద్దెకున్నవారి చేతిలో ఉంటుంది, మన చేతిలో ఉండదు.

మూడో స్థానంలో నిలిచిన అంశం మేమెవరమూ ఊహించనిది. అది ఇంటి ఆయుష్షు. "ఇల్లు ఎన్నేళ్లు ఉంటుంది సార్?" అని ఆ అమ్మాయి అడిగితే, కాంక్రీటు కదా, యాభై ఏళ్లు రాసుకోమన్నాను. లోపలి నుంచి మా ఆవిడ, "పక్క వీధిలో వాళ్లు 1994లో కట్టిన ఇంటిని మొన్ననే డెవలప్‌మెంటుకిచ్చి కూల్చేయలేదా అండీ?" అంది. గదిలో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. హైదరాబాదులో ఇళ్లకు కాంక్రీటు వల్ల చావు రాదు, గజం ధర వల్ల వస్తుంది. పాతికేళ్లకే కూల్చేస్తే కట్టుబడికి అయిన ఆ 118 టన్నులూ సగం కాలానికే పంచుకోవాలి, చదరపు మీటరుకు ఏడాదికి 7 కిలోలుగా ఉన్నది 14 అవుతుంది, ఆ తర్వాత కొత్త ఇంటి సిమెంటు మళ్లీ మొదలు. రెండో విడతలో ఆయుష్షుకు 25 నుంచి 70 ఏళ్ల పరిధి ఇచ్చి, మొత్తాన్ని ఏడాదికి ఎంత అన్న రూపంలో కూడా చూపమన్నాను. నాకు తెలిసిన నివేదికల్లో ఎవరూ ఈ ప్రశ్న ఇంటి యజమానిని నిజాయితీగా అడగరు. ప్రమాణాల్లో ఒక సంఖ్య ఉంటుంది, దాన్నే రాసేస్తారు.

ఇంత వెడల్పాటి పరిధి చేతిలో పెట్టుకుని ఏం చేసుకుంటాం అని మా అబ్బాయి అడిగాడు. సరైన ప్రశ్నే. 205కూ 520కీ నడుమ ఎక్కడైనా ఉండవచ్చు అన్న మాట వల్ల ఏ మేస్త్రీకీ ఏ పనీ చెప్పలేము. ఈ సేవలో అసలైన విలువ కనిపించింది ఇక్కడే. మాకు కావలసింది ఇంటి అంకె కాదు, రెండు ఇళ్లలో ఏది మేలన్న జవాబు. ఎర్ర ఇటుక గోడలు, మామూలు సిమెంటు, మామూలు స్లాబు ఉన్న ఇల్లు ఒకటి. ఏఏసీ అనే తేలికపాటి, గాలిబుడగల కాంక్రీటు బ్లాకుల గోడలు, పీపీసీ, డాబా మీద తెల్ల టైల్స్, కిటికీలపై రెండడుగుల సజ్జలు ఉన్న ఇల్లు ఒకటి. వీటిని వేరువేరుగా పదివేల సార్లు లెక్కగట్టి పరిధులు పక్కపక్కన పెడితే రెండూ ఒకదాని మీద ఒకటి పడిపోయి, తేడా ఏమీ లేనట్టు కనిపిస్తుంది. మొదట ఆ అమ్మాయి చేసింది అదే. అలా కాకుండా ప్రతిసారీ రెండు ఇళ్లనూ ఒకే ఎండలో, ఒకే గ్రిడ్డు కింద, అదే అద్దె కుటుంబంతో నిలబెట్టి, తేడాను మాత్రమే రాసుకోవాలని చెప్పాను. ఇదేమీ నా కనిపెట్టు కాదు, గణాంకశాస్త్రంలో జంట పోలిక అని మేము రెండో సంవత్సరంలోనే చెప్పే పాఠం. అలా చేసేసరికి పదివేలలో 9,300 సార్లు రెండో ఇల్లే గెలిచింది. ఇల్లు మొత్తంగా ఎంత వదులుతుందో ఎవరూ చెప్పలేరు గానీ, ఏది తక్కువ వదులుతుందో ధైర్యంగా చెప్పవచ్చు. గ్రిడ్డు ఎటుపోయినా, వానలు ఎలా కురిసినా తలకిందులు కాని నిర్ణయాలు ఏవో తెలుసుకోవడానికే నేను రెండోసారి డబ్బు కట్టానని అప్పుడు అర్థమైంది. ఓడిపోయిన ఆ 700 సార్లలో చాలావాటిలో ఏఏసీ బ్లాకులు దూరం నుంచి లారీలో వచ్చాయి, ఇల్లు పాతికేళ్లకే కూలిపోయింది. ఆ వివరం కూడా నివేదికలోనే ఉంది. ఫ్యాక్టరీ ఎంత దూరంలో ఉందో ముందుగా కనుక్కోవాలన్న బుద్ధి దాన్నుంచే వచ్చింది.

గోడల వేడి విషయంలోనూ ఇటువంటి పాఠమే ఒకటి ఉంది. ఇళ్ల కోసం బీఈఈ 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత, గోడలూ కిటికీలూ కలిసి లోపలికి పంపే వేడిని ఆర్ఈటీవీ అనే ఒక్క కొలతలో చూపి, అది చదరపు మీటరుకు 15 వాట్లు మించకూడదంటుంది. 500 చదరపు మీటర్ల పైబడిన స్థలాలకే వర్తిస్తుంది కాబట్టి మాకు నిర్బంధం లేదు, అయినా లెక్క వేయించాము. ఎర్ర ఇటుకతో 14.6 వచ్చింది, పక్కన ఆకుపచ్చ రంగులో టిక్కు పెట్టి 'ఉత్తీర్ణత' అని రాశారు. ఇటుక ఏ బట్టీలో కాలింది, ఎంత తేమ పట్టింది, పూత మందమెంత అన్నదాన్ని బట్టి ఆ 14.6 ఒకటిన్నర అటూ ఇటూ జరగవచ్చని రెండో నివేదికే ఒప్పుకుంది. అటువంటప్పుడు ఆ టిక్కుకు అర్థం, పాసయ్యే అవకాశం సగం కన్నా కొంచెం ఎక్కువ అని మాత్రమే. బ్లాకులతో వచ్చిన 11.4 అలా కాదు, ఎంత కదిలినా 15 దాటదు. గీత దగ్గర నిలబడినవాడికీ, గీతకు ఎంతో దూరంలో నిలబడినవాడికీ ఒకే టిక్కు పెట్టే ఏ రేటింగులోనైనా ఈ లోపం ఉంటుంది. మా పరీక్షల్లో 35 మార్కులవాడికీ 85 మార్కులవాడికీ 'పాస్' అని ఒకటే రాసి పంపించిన పాపం నాదీ ఉంది కాబట్టి ఈ మాట ఎక్కువగా సాగదీయను.

ఇక మా ఇంటికి నూటికి 73 మార్కులని ఇచ్చిన ఆ సంస్థ సొంత సూచిక. కరెంటుకు 35, నీటికి 20, సామగ్రికి 20, లోపలి గాలికీ వెలుతురుకూ 15, మిగతావాటికి 10 అని భారాలు వేసి కలిపిన మొత్తం అది. నీటికి 20 ఎందుకు, 30 ఎందుకు కాదు అని అడిగితే సంస్థలో నలుగురు నిపుణులు కూర్చుని నిర్ణయించారన్నారు. ఇది తెలియకపోవడమూ కాదు, నిలకడ లేకపోవడమూ కాదు, ఎవరికి ఏది ముఖ్యమన్న అభిప్రాయం. స్పెయిన్ దేశం 2008లో తన కాంక్రీటు నియమావళికి అనుబంధంగా ఒక సుస్థిరత సూచికను చేర్చినప్పుడు కూడా ఇటువంటి భారాలు వేయవలసే వచ్చింది. భారాలను కూడా కదిలించి చూడమంటే మా 73 కాస్తా 61కీ 79కీ నడుమ ఊగింది. వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూసే మా కాలనీలో నీటికి ఎక్కువ భారం వేస్తే మార్కులు పడిపోయాయి. ఆ సూచికను నేను పూర్తిగా పక్కన పెట్టేశాను, మీరూ పక్కన పెట్టమనే నా సలహా.

రెండో నివేదికలోనూ లోపాలు లేకపోలేదు. పరిధులను ఎక్కడి నుంచి తెచ్చారన్నదానికి చాలా చోట్ల 'ఇంజనీరింగు విజ్ఞత' అని రాసి వదిలేశారు. పరిధిని ఊహించి వేస్తే, దాని మీద పదివేల సార్లు లెక్క కట్టినా ఆ ఊహ ఊహగానే మిగులుతుంది. అంతకన్నా పెద్దది సహసంబంధం సంగతి. ఎండ ముదిరిన ఏడాది మూడు అంతస్తుల ఏసీలూ కలిసే తిరుగుతాయి, ట్యాంకర్లూ అప్పుడే పెరుగుతాయి. వీటిని ఒకదానితో ఒకటి పొత్తులేనివిగా లెక్క వేస్తే, ఒకటి పెరిగినప్పుడు ఇంకొకటి తగ్గి సర్దుకుపోయినట్టు కనిపించి, పరిధి ఉన్నదాని కన్నా ఇరుకవుతుంది. వాళ్లు వేసింది అలాగే. వాతావరణం కూడా నగరం నడిబొడ్డున గడిచిన సంవత్సరాల్లో నమోదైన లెక్కల నుంచి కూర్చిన 'సగటు సంవత్సరం', రాబోయే వేసవులది కాదు. బ్రిటన్‌లో సర్వేయర్ల సంస్థ ఆర్ఐసీఎస్ 2023లో వెలువరించిన కర్బన మదింపు ప్రమాణం రెండో కూర్పులో, సమాచారంలోని అనిశ్చితికీ పరిమాణాల్లోని అనిశ్చితికీ విడివిడిగా చోటు కల్పించమని నియమం పెట్టారు. ఇక్కడ అటువంటిది అడిగే కొనుగోలుదారు ఉంటే తప్ప ఇచ్చే సంస్థ కనిపించదు.

ఇవన్నీ కలిపి చూస్తే, మొదటి నివేదికకు పెట్టిన డబ్బు దండగ అనే నా అభిప్రాయం. మొదటి నివేదిక లేకుండా రెండోది ఇవ్వరు కాబట్టి బేరం ముందే కలిపి ఆడుకోవడం మంచిది. ఒకే ఇంటికి ఒకే అంకె ఇచ్చే సేవ అయితే, బ్యాంకు వారికో అమ్మకపు కరపత్రానికో కావాలనుకున్నవారు తప్ప మరెవరూ తీసుకోనవసరం లేదు. రెండు మూడు ప్రత్యామ్నాయాలను జంటగా పోల్చి, పరిధులతో ఇచ్చేవారు దొరికితే, 200 గజాల ఇంటికి కూడా ఆ ఖర్చు గిట్టుబాటవుతుంది. మా ఇంట్లో తెల్ల టైల్స్ పరిచింది ఆ నివేదిక చూసిన తర్వాతే. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం ఇళ్ల విషయంలో 600 గజాలు, ఆ పైబడిన స్థలాలకే తప్పనిసరి చేసింది, మాకు ఆ నిర్బంధం లేదు. అయినా ఏ పరిధిలో చూసినా గెలుస్తున్నదాన్ని వదులుకోవడానికి కారణం కనిపించలేదు. స్లాబు రోజున మేస్త్రీ పీపీసీ వద్దు, సెంట్రింగ్ విప్పడం ఆలస్యమవుతుందని పట్టుబట్టాడు. రెండు రోజులు వాదించి, సెంట్రింగ్ అద్దె అదనంగా కట్టి ఒప్పించవలసి వచ్చింది. ఆ అద్దె ఏ నివేదికలోనూ లేదు.

గృహప్రవేశమై ఏడాది దాటింది. మూడు మీటర్లకూ కలిపి నెలసరి సగటు 612 యూనిట్లు వచ్చింది. రెండో నివేదిక ఇచ్చిన పరిధి 480 నుంచి 1,050. లోపలే ఉంది గానీ దీన్ని గెలుపుగా చెప్పుకోను, ఎందుకంటే పై అంతస్తు నాలుగు నెలలు ఖాళీగా ఉంది, ఒక్క ఏడాది లెక్కతో ఏ పరిధీ రుజువు కాదు. ఆ అమ్మాయి ఈమధ్య ఫోను చేసి, తాము కట్టిన అంచనాలను అసలు వాడకంతో సరిచూసుకునే పని మొదలుపెట్టామని, ఐదేళ్లపాటు రీడింగులు పంపగలరా అని అడిగింది. ఈ సేవ మీద నాకు గౌరవం పెరిగింది ఆ ఫోనుతోనే. ప్రతి నెలా ఒకటో తారీఖున మెట్లెక్కి మూడు మీటర్లకూ ఫోటోలు తీసి పంపుతున్నాను. పై అంతస్తు మీటరు తెరలో చివరి అంకెకు కుడివైపు పై గీత వెలగడం మానేసింది, అది ఆరో ఎనిమిదో తెలియడం లేదు. రెండూ రాసి పంపుతున్నాను.